తొమ్మిది ముక్కల గొంతు

మా ఆఫీసు ఆరో అంతస్తులో రోజూ పదకొండు గంటలకు ఒక కేక వినిపించేది. "చాయ్ సల్లారుతుంది, వస్తున్నరా లేదా!" అద్దాల గదుల్లో మీటింగుల్లో ఉన్నవాళ్ళు, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నవాళ్ళు, క్లయింటుతో నాజూగ్గా ఇంగ్లీషు మాట్లాడుతున్నవాళ్ళు, అందరూ ఉలిక్కిపడేవారు. మాదాపూర్‌లోని ఆ బిల్డింగుకు అగ్నిప్రమాదం అలారం ఒకటి ఉంది. ఈ కేక ముందు అది ఎందుకూ పనికిరాదని మేం నవ్వుకునేవాళ్ళం. ఆ కేక మా ప్యాంట్రీ అక్కది.

అక్కకు యాభై దాటాయి. సిద్దిపేట వైపు పల్లె నుంచి వచ్చి బోరబండలో కిరాయి ఇంట్లో ఉంటోంది. భర్త తెల్లాపూర్‌లో ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీకి సెక్యూరిటీ గార్డు. నేను తెనాలి వైపు నుంచి వచ్చినదాన్ని, ఇరవై ఏళ్ళుగా టెస్టింగులో ఉన్నాను. అంటే పక్కవాళ్ళ పనిలో తప్పులు వెతికి అరవడం నా ఉద్యోగం. జీతం వెతికినందుకే ఇస్తారు, అరుపు నా సొంతం. కోపం నా ముక్కు మీదే ఉంటుంది. మా అంతస్తులో నన్ను ఎదిరించే మనిషి అక్క ఒక్కతే. "ఏంది మేడం, పొద్దుగాల్నే గా పిల్లల మీద పడ్డవు? చాయ్ తాగు, జర సల్లవడ్తవు" అంటూ కప్పు నా చేతిలో పెట్టేది. చిత్రం ఏమిటంటే, ఆమె అలా అన్నాక నాకు నిజంగానే కోపం దిగేది.

పోయిన చలికాలంలో ఆ కేక బొంగురుపోయింది. "సర్ది అయింది మేడం, మిరియాల కషాయం తాగుతున్న" అంది. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. కషాయం తాగుతూనే ఉంది, బొంగురు పెరుగుతూనే ఉంది. నేను గట్టిగా కసిరితే ఒకరోజు సెలవు పెట్టి దవాఖానకు వెళ్ళింది. రెండు వారాలు పరీక్షలంటూ తిరిగింది.

ఒక సోమవారం పదకొండైనా కేక రాలేదు. నాకు అనుమానమేసి ప్యాంట్రీలోకి వెళ్ళాను. అక్క టీ మెషీన్ ముందు నిలబడి కప్పులు తుడుస్తోంది.

"గొంతుల గడ్డ ఉన్నదంట మేడం" అంది, పాల ప్యాకెట్టు చిరిగిందని చెప్పినంత మామూలుగా. "గొంతుపెట్టె మొత్తం తీసేస్తరంట. పానానికి ఫికర్ లేదన్నరు. మాట మాత్రం ఇగ రాదంట. మూడు వారాల తర్వాత ఆపరేషన్."

అలాంటప్పుడు ఏమనాలో నాకు ఎవరూ నేర్పలేదు. అక్క ఇంకో కప్పు తుడిచి పక్కన పెట్టింది.

"పానం ఉంటది సరే. ఆయన్ను ఎట్ల పిలువాలె?" అంది.

అప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి. గబగబా కర్చీఫు కోసం వెతుక్కుని, దొరక్క, టిష్యూ కాగితాల డబ్బా మొత్తం లాగేశాను.

దవాఖానలో మాట గురించి చూసే స్పీచ్ థెరపిస్టు ఒక అమ్మాయి ఉంది. ఆపరేషన్‌కు ముందే గొంతు రికార్డు చేసి పెట్టుకుంటే, తర్వాత ఫోనులో రాసింది ఆ గొంతుతోనే మాట్లాడేలా చేయవచ్చని ఆ అమ్మాయి అక్కకు చెప్పింది. నాలుగు పేజీల జాబితా ఒకటి ఇచ్చింది. అందులో ఉన్నవన్నీ పలకాలి. ధ్వని నాణ్యత ఏమాత్రం తగ్గించకుండా తీయాలి, పెదవుల కదలిక కోసం వీడియో కూడా కావాలి. దవాఖానలో రికార్డింగు గదికి నెల తర్వాత గానీ వంతు రాదట. అక్క ఆ జాబితా నాకు చూపించగానే, "నేను చూసుకుంటాను, నువ్వేం పరేషాన్ అవకు" అనేశాను. ఆ పరేషాన్ అనే మాట కూడా నాకు ఆమె దగ్గరే అబ్బింది.

మా శిక్షణ విభాగంలో పాఠాలు రికార్డు చేసే ల్యాప్‌టాప్, మంచి మైకు ఉన్నాయి. మేనేజరును బతిమాలి పదిహేను రోజులకు రాయించుకున్నాను. నేను బతిమాలడం చూసి ఆయన భయపడి వెంటనే సంతకం పెట్టాడు. ఒక్కటే షరతు. తిరిగి ఇచ్చిన రోజే అందులో ఉన్నదంతా తుడిచేస్తారు, అది ఆఫీసు రూలు.

భోజనాల వేళ శిక్షణ గది ఖాళీగా ఉంటుంది. అక్కను మైకు ముందు కూర్చోబెట్టి తలుపేశాను. కొంగు సర్దుకుని, బొట్టు సరిచేసుకుని, ఫొటో స్టూడియోలో కూర్చున్నట్టు బిగుసుకుపోయింది.

"ముందు మైకు చూద్దాం అక్కా. ఒకటి, రెండు, మూడు అను."

ఆమె లెక్కపెట్టింది. తెర మీద ఆకుపచ్చ గీతలు లేస్తున్నాయా లేదా అని నేను చూస్తున్నాను. లేచాయి. బ్రహ్మాండం అనుకుని జాబితా తీశాను.

జాబితాలో మొదటిది, ఇంట్లోవాళ్ళను పిలిచే పిలుపులు. భర్త పేరు పెట్టి పిలవండి అని ఉంది. చదివి వినిపించాను. అక్క నాలుక కరుచుకుంది.

"అవ్వ! ఆయన పేరు నేనెట్ల తీస్త?"

"అక్కా, ఇది రికార్డింగు. ఆయన వినడు."

"ఇనకున్న గని, నా నోట్ల నుంచైతే వస్తది గద. ముప్పై రెండేండ్ల సంది తీయలె, ఇప్పుడు తీస్తనా?"

"మరి ఏమని పిలుస్తావు?"

ఆమె మైకు వైపు తిరిగి, ఆ బొంగురు గొంతును ఉన్నంతా కూడగట్టుకుని పిలిచింది. "ఇగో... ఇనవడ్తుందా!" ఆకుపచ్చ గీతలు ఎర్రబడ్డాయి. "గిదే ఆయన పేరు. రాసుకోండ్రి" అంది తృప్తిగా.

తర్వాతది 'నాకు దాహంగా ఉన్నది'. అక్క పలికింది, "నాకు దూపైతుంది." నేను కాదన్నాను, కాగితంలో ఉన్నట్టు చెప్పమన్నాను. "దాహం అని నేనెన్నడు అన్న? గట్లంటె మా ఆయన నీళ్ళు తెస్తడా, నవ్వుతడా?" అని ఎదురు తిరిగింది. నాకు తిక్కరేగి థెరపిస్టు అమ్మాయికి ఫోను కొట్టాను, ఈవిడ జాబితా ప్రకారం పలకడం లేదని. ఆ అమ్మాయి అంతా విని, "మేడం, ఆమె ఎలా అంటే అలాగే తీయండి. మనకు కావలసింది ఆమె గొంతు కదా" అంది. తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత నోరు మూసుకుని ఏది పలికితే అది తీశాను. దూప, సల్ల, కూసో, గిట్ల జరుగు, ఇయ్యాల మంచిగున్నదా, అన్నీ.

మొత్తం ఆరు మధ్యాహ్నాలు పట్టింది. ఏడో రోజు అన్నీ ఒకచోట చేర్చి సైజు చూశాను. పన్నెండు జీబీ దాటింది. దీన్ని దవాఖాన వాళ్ళకు పంపాలి. పెన్ డ్రైవులు వాళ్ళ కంప్యూటర్లు తీసుకోవు, వైరస్ భయం. రోగి మాట రహస్యం కాబట్టి, అనుమతి కాగితం మీద రాసిన నంబరు నుంచి వస్తేనే తీసుకుంటారు. అక్క దగ్గర ఉన్నది బొత్తాల ఫోను. కాగితం మీద రాసింది భర్త నంబరు. ఆయన ఫోనులో రోజుకు ఒకటిన్నర జీబీ డేటా ప్యాక్ ఉంది. ఆ ఫోను రెండు రోజులు ఇస్తే మా బాచుపల్లి ఇంట్లో వైఫై పెట్టి పంపేస్తానన్నాను. ఇవ్వడం కుదరదట. గేటు దగ్గరకు వచ్చిపోయేవాళ్ళ ఫొటోలు ఆ ఫోనుతోనే తీయాలి, అది లేకపోతే డ్యూటీ లేదు.

కాబట్టి దారి ఒక్కటే. మొత్తాన్ని నొక్కి ఒక్క ఫైలు చేసి, దాన్ని రోజువారీ ప్యాకులో పట్టేంత ముక్కలుగా కోయాలి. రోజుకో ముక్క. లెక్క వేస్తే తొమ్మిది వచ్చాయి. ఆపరేషన్‌కు సరిగ్గా పది రోజులుంది.

నేను ఆ పని చేస్తుంటే అక్క వెనకాల నిలబడి చూసింది.

"నొక్కితే గొంతు నలుగదా మేడం?"

ఇరవై ఏళ్ళలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న. నవ్వొచ్చింది గానీ, ఆమె ముఖం చూస్తే నవ్వు ఆగిపోయింది. నిజంగానే భయపడుతోంది. అందుకని కూర్చోబెట్టి చెప్పాను. మళ్ళీ మళ్ళీ వచ్చేదాన్ని ఒక్కసారే రాసి, మిగతా చోట్ల 'పైన ఉన్నట్టే' అని గుర్తు పెడుతుంది, విప్పినప్పుడు ఆ గుర్తులన్నీ చూసి ఉన్నది ఉన్నట్టు మళ్ళీ రాసేస్తుంది, ఒక్క చుక్క పోదు అన్నాను.

"మరి ముక్కలు చేస్తున్నవు?"

"ముక్కలు కూడా అంతే. అన్నీ చేరాక మళ్ళీ అతుకుతుంది."

"ఇల్లు మారెటప్పుడు మంచం ఇప్పి ఆటోల ఏసుకపోయినట్టు" అంది. అంతే అక్కా, అన్నాను. "గట్లైతె ఒక్క కోడు పోయిన పండుకోలేం" అంది. అది కూడా అంతే.

ఆమె వెళ్ళిపోయాక నేను ఒక ముక్కను ఊరికే తెరిచి చూశాను. అర్థంపర్థం లేని గుర్తులు, గజిబిజి. అందులో గొంతు లేదు, మాట లేదు, అక్క లేదు. కోసే యంత్రానికి తను దేన్ని కోస్తోందో తెలియదు. 'దూపైతుంది' అన్న మాట సగంలోనే తెగి ఉండవచ్చు, సగం ఈ ముక్కలో, సగం ఆ ముక్కలో. అయినా తొమ్మిదీ వరసగా పెడితే ఆ తెగిన చోటు ఎక్కడో ఏ చెవికీ తెలియదు. ఇన్నేళ్ళు కొన్ని వేలసార్లు ఈ పని చేశాను, ఒక్కసారైనా ముక్కున వేలేసుకోలేదు. ఆరోజు వేసుకున్నాను.

ఆదివారం పొద్దున తెల్లాపూర్ వెళ్ళాను. అక్క భర్త గేటు దగ్గర రిజిస్టరు పక్కన నిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి, నెరిసిన మీసం, ఇస్త్రీ చేసిన నీలం యూనిఫారం. ఊళ్ళో ఉన్నప్పుడు కళ్ళాల్లో వడ్లు కొలిచేవాడట. అక్క ఎప్పుడూ గొప్పగా చెప్పేది, మా ఆయన కుంచం పట్టి కొలిచిండంటె ఊర్ల ఎవ్వరు మళ్ళ మాట్లాడకపోయేది అని. తొమ్మిది ముక్కలూ ఆయన ఫోనులోని మెమరీ కార్డులోకి ఎక్కించాను. ల్యాప్‌టాప్ మీద అవే ముక్కలను ఒకసారి అతికించి తెరిచి కూడా చూశాను. తెరుచుకుంది. నా పనికి నేనే మురిసిపోయాను.

"అన్నా, రోజుకొక్కటే పంపాలి. వరస తప్పకూడదు. ఒక్కటి తగ్గినా మొత్తం పోతుంది. అర్థమైందా?" అన్నాను, నా టీములో పిల్లలకు చెప్పినట్టు.

ఆయన మీసం చాటున నవ్వాడు. "కొలుచుడు నాకు చెప్పాల్నా మేడం" అన్నాడు.

మరునాటి నుంచి రోజూ సాయంత్రం డ్యూటీ దిగేముందు ఫోను చేసేవాడు. "మేడం, ఇయ్యాల్టి కుంచం పోయింది." ఫైలును ఆయన కుంచం అనేవాడు. నాకు ముచ్చటేసి నేనూ అలాగే అడగడం మొదలుపెట్టాను, అన్నా ఇవాళ్టి కుంచం పోయిందా అని. మా టీములో వాళ్ళు ఈవిడకేమైందా అని నోరు వెళ్ళబెట్టి చూసేవారు. అయిదో రోజు గడువు తీరి ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చేశాను. సాయంత్రానికల్లా దాన్ని శుభ్రంగా తుడిచేశారు. ముక్కలన్నీ అన్న కార్డులో ఉన్నాయి కదా అనుకున్నాను. బ్యాకప్ ఏదీ, రెండో కాపీ ఏదీ అని ఆఫీసంతా గొంతు చించుకునే నేను, ఒక్క కాపీ నా దగ్గర పెట్టుకోలేదు. ఎందుకు పెట్టుకోలేదని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

తొమ్మిదో రోజు తొమ్మిదో కుంచం పోయింది. పదో రోజు పొద్దున ఆపరేషన్. ముందురోజు అక్క ఆఫీసుకు వచ్చి, అందరికీ చాయ్ ఇచ్చి, పదకొండు గంటలకు చివరిసారి కేక వేసింది. ఆరో అంతస్తు మొత్తం లేచి ప్యాంట్రీకి వెళ్ళింది. ఎప్పుడూ టీ తాగనివాళ్ళు కూడా తాగారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మరునాడు మధ్యాహ్నం నా ఫోను మోగింది, థెరపిస్టు అమ్మాయి.

"మేడం, ఫైలు తెరుచుకోవడం లేదు. ఎనిమిది భాగాలే వచ్చాయి. మొదటిది లేదు. మళ్ళీ పంపిస్తారా?"

మళ్ళీ ఎక్కడి నుంచి పంపుతాను? ల్యాప్‌టాప్ తుడిచేశారు. మళ్ళీ పలికించడానికి ఆ గొంతు ఇక లేదు. నిన్ననే తీసేశారు. మిగిలింది అన్న మెమరీ కార్డు. ఆయన డ్యూటీకి సెలవు పెట్టి దవాఖానలోనే ఉన్నాడు. ఆటో ఎక్కి గచ్చిబౌలి వైపు పరిగెత్తించాను. దారి పొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను, ట్రాఫిక్కును తిట్టాను, ఆటో అతన్ని కూడా ఊరికే తిట్టాను.

అన్న ఐసీయూ బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. ఎలా ఉన్నావని కూడా అడగకుండా మీద పడ్డాను.

"అన్నా, మొదటిది పంపలేదా?"

"పంపిన మేడం. అన్నిట్ల ముందుగాల గదే పంపిన."

"వాళ్ళకు రాలేదట. కార్డులో ఉందా?"

"లేదు. పంపినయి పంపినట్టు తీసేసిన. గేటు ఫొటోలకు జాగ లేకుండె."

అరుద్దామని నోరు తెరిచాను గానీ అరుపు రాలేదు. లోపల అక్క ముక్కులో గొట్టంతో, గొంతుకు కట్టుతో పడుకుని ఉంది. ఆరు మధ్యాహ్నాలు పలికిందంతా మొదటి ముక్క లేక ఉత్త గజిబిజిగా మిగిలింది.

"ఫోను ఇటివ్వన్నా, పంపినవి చూపించు" అన్నాను. ఆయన కంగారుపడి ఫోను తీసి చూపించాడు.

దవాఖాన నంబరుకు ఆయన పంపినవన్నీ వరసగా ఉన్నాయి. ముక్కలే కాదు, పొద్దునపూట శుభోదయం పువ్వులు, మంగళవారం హనుమంతుడు, గురువారం సాయిబాబా, అన్నీ వాళ్ళకు పంపాడు. మంచి చేస్తున్నవాళ్ళకు మంచి బొమ్మలు పంపాలనుకున్నాడట. వాటి మధ్య ముక్కల పేర్లు తెలుగులో ఉన్నాయి. నేను పెట్టిన ఇంగ్లీషు పేర్లన్నీ పొడుగ్గా ఒక్కలాగే ఉండి, చివరి అంకె ఆ చిన్న తెర మీద కనిపించక, వరస తప్పుతుందని భయపడి ఆయనే పేర్లు మార్చాడు. కింద నుంచి పైకి చదివాను. తొమ్మిది. ఎనిమిది. ఏడు. ఆరు. అయిదు. నాలుగు. మూడు. రెండు. దానిపైన హనుమంతుడి బొమ్మ. దానిపైన, లాభం.

ఆ పైన ఇంకేమీ లేదు.

"ఒకటి ఏదన్నా?"

"గదే మేడం" అని 'లాభం' మీద వేలు పెట్టాడు.

"లాభం ఏమిటి?"

ఇంత చదువుకుని ఇది తెలియదా అన్నట్టు నన్ను చూశాడు. "కొలిచెటప్పుడు ఒకటి అని ఎవరన్న మొదలువెడ్తరా? లాభం, రెండు, మూడు... గట్లనే గద. మా అయ్య గట్లనే కొలిచిండు, నేను గట్లనే కొలిచిన. మీ దిక్కు కొలువరా?"

కొలుస్తారు. మా అమ్మమ్మ బియ్యం కొలుస్తూ మొదటి సోల డబ్బాలో పోసి లాభం అనేది, తర్వాత రెండు అనేది. నేను పక్కన కూర్చుని వింటూ పెరిగాను. తర్వాత ఈ ఊరొచ్చి, ఈ ఉద్యోగంలో పడి, సున్నా నుంచి లెక్కపెట్టడం నేర్చుకున్నాను. ఆ మాట ఎప్పుడు మరిచిపోయానో కూడా తెలియదు. ఆ బెంచీ దగ్గర నిలబడి సిగ్గుతో చచ్చిపోయాను.

"రా అన్నా" అని ఆయన చెయ్యి పట్టుకుని థెరపిస్టు గదికి లాక్కెళ్ళాను.

ఆ అమ్మాయి రెండు నుంచి తొమ్మిది వరకు చదివి, వాటికి అంకెలు వేసి సర్దుకుంది. ఒకటి అనే ఫైలు కోసమే వెతికింది. పువ్వులు, దేవుళ్ళ బొమ్మలు, మిగతావి 'ఇతరాలు' అనే ఫోల్డరులోకి నెట్టింది. తెరిచి చూస్తే సాయిబాబాకూ హనుమంతుడికీ మధ్య అది భద్రంగా ఉంది. లాభం. మిగతావాటితో సమానమైన బరువు. ఆ అమ్మాయి దాని పేరు మార్చి, తొమ్మిదింటినీ ఒకచోట పెట్టి, అతికించమని మీట నొక్కింది.

తెర మీద గీత కదలడం మొదలైంది. నేను రోజూ చూసే గీతే. ఆరోజు ఊపిరి బిగబట్టి చూశాను. అన్న చేతులు కట్టుకుని, గుళ్ళో నిలబడినట్టు నిలబడ్డాడు. తొమ్మిది రోజులు తొమ్మిది సార్లు తెల్లాపూర్ గేటు దగ్గర నుంచి గాల్లోకి వెళ్ళిన గజిబిజి ఒక్కొక్కటే వచ్చి ఒకదాని పక్కన ఒకటి చేరుతోంది. గీత చివరికి వచ్చి ఆగింది. తెరుచుకుంది.

ఆ అమ్మాయి మొట్టమొదటి ఫైలు నొక్కింది. ముందు నా గొంతు, ఎప్పటిలాగే విసురుగా: "ఒకటి, రెండు, మూడు అను." తర్వాత అక్క. బొంగురుగా, నిదానంగా, తెర నుంచి నేరుగా వచ్చినట్టు.

"లాభం... రెండు... మూడు..."

మొదటి రోజే నా ఎదురుగా కూర్చుని చెప్పింది. నేను గీతలు చూసుకుంటూ మాట వినలేదు. అన్న మాత్రం, "ఆఁ, గట్ల" అన్నాడు, సరిగ్గా కొలిచిందని మెచ్చుకున్నట్టు. ఆ తర్వాత మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు.

ఆరు రోజుల తర్వాత అక్కను వార్డులోకి మార్చారు. మొత్తం గొంతు తయారై ఏది రాస్తే అది పలకడానికి కొన్ని నెలలు పడుతుందట. ఈలోగా పిలుపులు మాత్రం రికార్డు చేసినవి చేసినట్టే బొత్తాములుగా పెట్టి ఇస్తామని థెరపిస్టు అమ్మాయి ఒక ఫోను తెచ్చింది. ఆరోజుకు ఒక్క బొత్తామే తయారైంది. అక్క మంచానికి ఆనుకుని కూర్చుంది, గొంతుకు తెల్లటి కట్టు, ముక్కుకు గొట్టం. నేను కాళ్ళ దగ్గర నిలబడ్డాను. అన్న కిటికీ దగ్గర, మాకు వీపు పెట్టి, ఆమెకు గొట్టంలో పోయాల్సిన పాలు కొలత గ్లాసులోకి వంపుతున్నాడు.

అక్క ఆ బొత్తాన్ని చాలాసేపు చూసింది. వేలు చీర కుచ్చెళ్ళకు తుడుచుకుంది. నొక్కింది.

"ఇగో... ఇనవడ్తుందా!"

ఆ అలారం కేకే. వార్డులో అటువైపు మంచం మీద పడుకున్నావిడ కూడా ఉలిక్కిపడి లేచింది. అన్న చేతిలో పాలు ఒలికాయి. గిరుక్కున తిరిగాడు. ఫోను ఆమె చేతిలో వెలుగుతూ ఉంది, దాని వంక చూడనైనా చూడలేదు. ముప్పై రెండేళ్ళుగా చూసినట్టే నేరుగా ఆమె ముఖంలోకి చూశాడు.

"ఆఁ... ఇనవడ్తుంది, చెప్పు" అన్నాడు.

చెప్పడానికి అక్క దగ్గర ఇంకో బొత్తాం లేదు. అందుకని మళ్ళీ అదే నొక్కింది. ఆయన మళ్ళీ ఆఁ అన్నాడు.